మోనోగ్రాఫ్ అనగా నేమి?

సాహిత్య కార్యక్రమములలోను, పుస్తక సమీక్షలలోను మా ప్రసంగకర్తలు తరచుగా వాడే మాట ఒకటి ఉన్నది. "ఫలానా కవిని గురించి మోనోగ్రాఫ్ వెలువడినది" అంటారు. "ఈ జాతిని గురించిన మొదటి మోనోగ్రాఫ్ ఇది" అంటారు. మాట చెవికి పరిచయమైనదే. కాని దాని అర్థమేమని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెబుతారు. చిన్న పుస్తకమని కొందరు, జీవితచరిత్ర అని కొందరు, విశ్వవిద్యాలయములవారు మాత్రమే చదువుకొనే కఠినమైన పరిశోధన అని మరికొందరు. చేతిరుమాలు మూలన పేరులోని పొడి అక్షరములను పెనవేసి కుట్టే మోనోగ్రామ్‌తో దీనిని కలిపివేసేవారును లేకపోలేదు. రేడియోలో పలికిన మాట ఒకసారి వినబడి గాలిలో కలిసిపోతుంది. వెనుకకు మరలి చూచుకొనుటకు వీలుండదు. అందువల్ల ఈ పుటలలో ఆ మాటను కొంతసేపు నిలిపి పరిశీలింపవలెనని సంకల్పించినాము.

ఇది కేవలము నిఘంటువుకు సంబంధించిన పని కాదు. దక్షిణ తెలంగాణపు మెట్టసీమలో, అనగా పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో, ఈ కోవకు చెందిన గ్రంథములు త్రాగునీటిని గురించి, అడవిని గురించి, అడవిలో నివసించే మనుష్యుల హక్కులను గురించి మాటలాడినవి. ఏది మోనోగ్రాఫో, ఏది కాదో, అది చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసియుండుట పండితులకే కాక గృహస్థులకు కూడ ప్రయోజనకరము.

మొదట మాట పుట్టుక చూద్దాము. గ్రీకుభాషలో 'మోనోస్' అనగా ఒక్కటి, ఒంటరి. 'గ్రాఫీన్' అనగా వ్రాయుట. ఒక్కదానిని గురించి వ్రాసినది మోనోగ్రాఫ్. మోనోగ్రామ్‌లో కూడ మొదటి సగము ఇదే. కాని అక్కడ రెండవ సగమునకు 'అక్షరము' అని అర్థము. అనేక అక్షరములు కలిసి ఒకే గుర్తుగా ఏర్పడితే అది మోనోగ్రామ్. ఒకే విషయమును గురించి అనేక పుటలు వ్రాస్తే అది మోనోగ్రాఫ్. పేర్లు దగ్గరివైనను పనులు వేరు.

ఈ మాటను మొదట బాగా వాడుకలోనికి తెచ్చినవారు ప్రకృతిశాస్త్రజ్ఞులు. 18వ శతాబ్దములో వృక్షములన్నిటిని వర్గీకరించి పెద్ద జాబితాలు తయారుచేస్తున్న కాలమున, కొందరు వృక్షశాస్త్రజ్ఞులు అన్నిటి జోలికి పోక, ఒకే ప్రజాతికి చెందిన మొక్కలను మాత్రము తీసుకొని, వాని వేరు మొదలు విత్తు వరకు పరిశీలించి గ్రంథములు వ్రాసినారు. మోనోగ్రాఫ్ అనే భావన అక్కడ స్థిరపడినది. జంతుశాస్త్రములో దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము చార్లెస్ డార్విన్ కృషి. ఓడల అడుగుభాగములకు, సముద్రపు రాళ్లకు అంటుకొని పెరిగే బార్నకిల్ అనే చిన్న ప్రాణిని గురించి ఆయన 1846 నుండి 1854 వరకు, దాదాపు 8 సంవత్సరములు, అధ్యయనము చేసినాడు. నేడున్న జాతులను గురించి రెండు సంపుటములు, శిలాజములుగా మిగిలినవానిని గురించి రెండు సంపుటములు ప్రకటించినాడు. జీవపరిణామమును గురించిన ఆయన మహాగ్రంథము 1859లో గాని వెలువడలేదు. జీవజాతులన్నిటికి వర్తించే సిద్ధాంతమును లోకమునకు వెల్లడించుటకు ముందు, ఒక్క ప్రాణిని పట్టుకొని అన్ని సంవత్సరములు కూర్చున్నాడన్నమాట.

ఈ ఉదాహరణమును బట్టి రెండు సంగతులు తేలుతున్నవి. మొదటిది, మోనోగ్రాఫ్ అనగా చిన్న పుస్తకమని అర్థము కాదు. అది నలువది పుటలు కావచ్చును, నాలుగు సంపుటములు కావచ్చును. రెండవది, విషయము చిన్నదైనంత మాత్రమున పని చిన్నది కాదు. 'ఒక్కటి' అన్నది విషయమునకు పెట్టిన హద్దే గాని శ్రమకు పెట్టిన హద్దు కాదు.

మరి తెలుగుదేశములో ఈ మాట చిన్న పుస్తకమునకు పర్యాయముగా ఎందుకు మారినది? 1954లో ఢిల్లీలో స్థాపింపబడిన సాహిత్య అకాడెమీ 'భారతీయ సాహిత్య నిర్మాతలు' అనే పేరుతో ఒక గ్రంథమాలను ప్రచురిస్తున్నది. అందులో ఒక్కొక్క రచయితకు ఒక్కొక్క చిన్న పుస్తకము. వానిని అకాడెమీవారు మోనోగ్రాఫులు అంటారు. ఒక్క రచయితను గురించినవి గనుక ఆ పేరు తగినదే. కాని మన పాఠకులలో చాలమంది ఆ మాటను మొదట ఆ పుస్తకముల ద్వారానే విన్నారు గనుక, మోనోగ్రాఫ్ అనగా రచయిత జీవితమును, రచనలను సంగ్రహముగా చెప్పే పలుచని పుస్తకము అనే అర్థము స్థిరపడిపోయినది. అది ఈ మాటకు గల అర్థములలో ఒక మూల మాత్రమే.

ఏది మోనోగ్రాఫ్ కాదో చెప్పుకొంటే ఏది అవునో తేటపడుతుంది. ఇందుకు మన సీమలోనే చక్కని దృష్టాంతములు ఉన్నవి.

నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల ఒకప్పుడు ఒక జమీందారీ. అక్కడి రాజా నాయని వెంకట రంగారావుగారి వద్ద దివానుగా ఉన్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు రెండు మహాకార్యములకు పూనుకొన్నారు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపనకు మూలపురుషులైనారు. ఆ మండలి ఒక్కొక్క విషయమును తీసుకొని, దానికొక పుస్తకము చొప్పున తెలుగువారికి అందించినది. 1907లో వెలువడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి 'అబ్రహాము లింకను చరిత్రము' ఆ వరుసలో మొదటిది. లక్ష్మణరావుగారు పూనుకొన్న రెండవ కార్యము 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'. అది అకారాది క్రమమున సమస్త విషయములను చెప్పవలెనని సంకల్పించిన గ్రంథము. 1923లో ఆయన మరణించేనాటికి వెలువడిన సంపుటములు 'అ' అనే అక్షరమును దాటలేదు.

సర్వస్వమునకు, ఒకే విషయముపై వ్రాసిన గ్రంథమునకు గల భేదము ఒకే మహానుభావుని జీవితములో ఈ విధముగా కనబడుతున్నది. సర్వస్వము అన్నిటిని గురించి కొంత చెబుతుంది. ఏకవిషయ గ్రంథము కొంతదానిని గురించి అంతా చెప్పుటకు ప్రయత్నిస్తుంది. మొదటిది వెడల్పు, రెండవది లోతు. మెట్టభూమిలో వ్యవసాయము చేసేవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. చెరువునకు వైశాల్యము ముఖ్యము, బావికి లోతు ముఖ్యము. రెండునూ కావలసినవే; కాని ఒకదాని పని మరియొకటి చేయదు.

ఇక సంకలనమును చూద్దాము. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లావారైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించినారు. తెలంగాణములో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానముగా 354 మంది కవులను అందులో చేర్చినారు. తెలుగు సాహిత్య చరిత్రలో దాని స్థానము గొప్పది. కాని అది మోనోగ్రాఫ్ కాదు. అనేకుల రచనలను ఒకచోట చేర్చిన సంచిక. ఆయనే 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మాటేమిటి? తెలుగు గ్రంథములలో సాహిత్య అకాడెమీ బహుమతిని మొట్టమొదట, 1955లో, పొందినది అదే. అందులో రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనసామాన్యము ఏమి తినేవారు, ఏమి ధరించేవారు, ఏ ఆటలు ఆడేవారు, ఏ పండుగలు చేసేవారు అన్న ఒకే ప్రశ్నను వేసుకొని, కావ్యములను సాక్ష్యముగా పిలిచి, శతాబ్దముల పొడుగునా వెదకినారు. కాలము విశాలమైనను ప్రశ్న ఒక్కటే. ఆ దృష్టితో దానిని ఈ కోవలో చేర్చుట న్యాయమని మా అభిప్రాయము. ఇంత విశాలమైనది 'ఒకే విషయము' ఎట్లగునని వాదించేవారును ఉండవచ్చును. ఆ వాదమునకు తావున్నదనుటయే ఈ మాట స్వభావమును తెలుపుతున్నది. 'ఒక్కటి' అనే గీతను గ్రంథకర్త తానే గీచుకోవలెను. గీచుకొన్న పిమ్మట దానికి కట్టుబడి ఉండవలెను.

పాఠ్యగ్రంథము కూడ మోనోగ్రాఫ్ కాదు. అది ఇతరులు కనుగొన్నదానిని విద్యార్థికి సులభము చేసి చెబుతుంది. పత్రికలో వచ్చిన వ్యాసము కూడ కాదు. అది ఒక చిన్న ఫలితమును తెలిపి ముగుస్తుంది. గ్రంథాలయములవారి పరిభాషలో మాత్రము ఈ మాటకు మరింత విశాలమైన అర్థమున్నది. నెలనెలా వచ్చే పత్రికవలె కొనసాగుతూపోక, తనంతట తాను పూర్తియయ్యే ఏ గ్రంథమునైనను వారు మోనోగ్రాఫ్ అనే లెక్కలో వేస్తారు. గ్రంథాలయపు పట్టికలో ఈ మాట కనబడితే తికమక పడనవసరము లేదు.

మరియొక అర్థము ప్రతి ఇంటిలోను, మందుల పెట్టెలోనే ఉన్నది. అనేక మాత్రల అట్టలపై మందు పేరు ప్రక్కన 'ఐ.పి.' అనే రెండక్షరములు ఉంటవి. అవి ఇండియన్ ఫార్మకోపియాకు గుర్తు. స్వతంత్ర భారతములో ఆ గ్రంథము మొదటి కూర్పు 1955లో వెలువడినది. అందులో ఒక్కొక్క మందుకు ఒక్కొక్క ప్రకరణము ఉంటుంది. ఆ మందును ఎట్లు గుర్తింపవలెను, ఎంత శుద్ధముగా ఉండవలెను, దాని బలమును ఎట్లు పరీక్షింపవలెను, ఎట్లు నిలువచేయవలెను అన్నవి అందులో ఉంటవి. ఆ ప్రకరణమునకు పేరు మోనోగ్రాఫ్. అది రెండు మూడు పుటలు మాత్రమే కావచ్చును. కాని ఆ పుటలలో ఉన్న ప్రమాణమునకు మందు తగియుండవలెను. ఇక్కడ మోనోగ్రాఫ్ చదివి పక్కన పెట్టే పుస్తకము కాదు, కొలబద్ద.

మందుల నుండి నీటికి వద్దాము. నల్లగొండ జిల్లా పేరు చెప్పగానే దేశములో అనేకులకు ఫ్లోరైడు నీరు గుర్తుకు వస్తుంది. భూగర్భములోని గ్రానైటు రాళ్లనుండి ఫ్లోరైడు నీటిలోనికి దిగి, ఆ నీటిని సంవత్సరముల తరబడి త్రాగినవారి దంతములను గారకట్టించి, ఎముకలను వంచి, కీళ్లను బిగించి, నడుములు విరిచినది. పటికను, సున్నమును వాడి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశాబ్దములో రూపొందించినది. ఆ పద్ధతి శాస్త్రలోకములో 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుతోనే ప్రసిద్ధి పొందినది. దానిని గురించి వ్యాసములు వచ్చినవి, నివేదికలు వచ్చినవి. వీనిలో ఒక్కొక్కటి విడిగా మోనోగ్రాఫ్ కాదు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970లో జెనీవా నుండి 'ఫ్లోరైడ్స్ అండ్ హ్యూమన్ హెల్త్' అనే గ్రంథమును తన మోనోగ్రాఫుల వరుసలో 59వ సంఖ్యగా ప్రకటించినది. పలుదేశముల నిపుణులు అందుకు తోడ్పడినారు. ఫ్లోరైడు ఎక్కడనుండి వస్తుంది, శరీరము దానిని ఎట్లు గ్రహిస్తుంది, ఎంత మేలు, ఎంత కీడు అనే ప్రశ్నలన్నీ అందులో ఒకచోట చేరినవి. మోనోగ్రాఫ్ అనగా ఒక్కరే వ్రాయవలెననే అపోహ దీనితో తొలగిపోతుంది. చేతులు ఎన్నియైనను ఉండవచ్చును. విషయము మాత్రము ఒక్కటే.

ఇంతవరకు వస్తువులను గురించి చెప్పుకొన్నాము. ఒక మనుష్య సముదాయమును గురించి మోనోగ్రాఫ్ వ్రాసినప్పుడు సంగతి మరింత బరువైనది. దానికి నిదర్శనము పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమిలోనే ఉన్నది. ఆ ప్రాంతము 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరినది.

క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరములో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు. అస్సాము కొండలలో నాగాజాతులను అధ్యయనము చేసి, 1939లో మరల భారతదేశమునకు వచ్చినాడు. అంతలో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైనది. ఆస్ట్రియా 1938లో జర్మనీలో కలుపబడినందున ఆయన చేతిలో ఉన్నది జర్మను పాస్‌పోర్టు. శత్రుదేశపు పౌరుడుగా లెక్కింపబడి, హైదరాబాదు సంస్థానపు హద్దులలో ఉండిపోవలసి వచ్చినది. ఆ నిర్బంధమును ఆయన వృథా చేయలేదు. 1940లో భార్య ఎలిజబెత్‌తో కలిసి నల్లమల అడవులలోని చెంచుల మధ్యకు వెళ్లి, వారితో నివసించి, వారి జీవితమును పరిశీలించినాడు. దాని ఫలితమే 1943లో లండనులో అచ్చయిన 'ది చెంచూస్: జంగిల్ ఫోక్ ఆఫ్ ది డెక్కన్' అనే గ్రంథము. హైదరాబాదు సంస్థానములోని ఆదిమజాతులను గురించిన వరుసలో అది మొదటి సంపుటము. తరువాత కొండరెడ్లను గురించి 1945లోను, ఆదిలాబాదు రాజగోండులను గురించి 1948లోను సంపుటములు వచ్చినవి. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క గ్రంథము. అన్నిటిని కలిపి 'హైదరాబాదు గిరిజనులు' అని ఒకే పుస్తకముగా చుట్టివేయలేదు.

ఆ గ్రంథములో ఏమున్నది? చెంచులు పెంటలలో నివసిస్తారు. తీరాంధ్రమువారికి ఈ మాట వేరొక అర్థమును స్ఫురింపజేయవచ్చును. నల్లమలలో పెంట అనగా కొద్దిపాటి గుడిసెలు గల నివాసస్థలము. వారు గునపపు కర్రతో అడవిగడ్డలను త్రవ్వుకొంటారు. తేనె తీస్తారు. ఇప్పపూవు ఏరుకొంటారు. విల్లంబులతో వేటాడుతారు. వేటలో జంతువు దొరకవలెనన్నను, అడవిలో పండ్లు దొరకవలెనన్నను గారెల మైసమ్మ దయ కావలెనని నమ్ముతారు. వారి గోత్రములు ఎట్టివి, ఏ గోత్రమువారు ఎవరిని వివాహమాడవచ్చును, ఒక గుంపువారు అడవిలో ఎంతమేర తమదిగా భావిస్తారు, మరియొక గుంపువారు అక్కడికి వచ్చినప్పుడు ఏమి జరుగుతుంది అనే విషయములను గ్రంథకర్త వివరముగా వ్రాసినాడు.

ఈ చివరి సంగతిపై పాఠకులు కొంచెము నిలువవలెను. పైనుండి చూచినవారికి అడవి అంతా ఒకటే. ఎవరిదీ కాదు, సర్కారుది. లోపల నివసించి పరిశీలించినవానికి మాత్రమే అది పేర్లు గల వాగులుగా, గుట్టలుగా, ఫలానావారు తరతరములుగా తిరుగుతున్న తావులుగా కనబడినది. చెంచుల వద్ద పట్టా కాగితములు లేవు. వారికి తెలిసిన హద్దులు వాడుకలో ఉన్నవి, వ్రాతలో లేవు. వాడుకలో ఉన్న హద్దు మొదటిసారిగా వ్రాతలోనికి వచ్చినది మోనోగ్రాఫ్ ద్వారా. ఆయన సిఫారసును అనుసరించి నిజాం ప్రభుత్వము ఆ దశాబ్దములోనే అమ్రాబాదు పీఠభూమిపై సుమారు లక్ష ఎకరముల అడవిని చెంచుల రిజర్వుగా ఏర్పరచినది.

కథ అక్కడ ముగియలేదు. 1978లో ఆ అడవి వన్యప్రాణుల అభయారణ్యమైనది. 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినది. రాష్ట్రము 2014లో విడిపోయిన పిమ్మట తెలంగాణ భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. పులికి ప్రశాంతమైన అడవి కావలెను. చెంచుకు తన పెంట కావలెను. ఈ రెంటి నడుమ 2006లో పార్లమెంటు అటవీహక్కుల గుర్తింపు చట్టమును చేసినది. చెంచులవంటి అత్యంత బలహీనమైన ఆదివాసీ సముదాయములకు, విడి కమతములకే కాక, వారి ఆవాసప్రాంతమంతటిపై సామూహికమైన హక్కు ఉండవచ్చునని ఆ చట్టము గుర్తించినది. మరి ఆ హక్కును ఎట్లు నిరూపించుకోవలెను? 2008 జనవరిలో అమలులోనికి వచ్చిన నిబంధనలలో 13వది సాక్ష్యములను గురించినది. గెజెటీర్లు, జనాభా లెక్కలు, సర్వే రికార్డులు, న్యాయస్థానముల పత్రములు, పెద్దల వాంగ్మూలములు మొదలగువానితోపాటు, పేరుపొందిన సంస్థలు జరిపిన పరిశోధనలను, ఆచారములను గురించిన లిఖిత వివరణలను కూడ సాక్ష్యముగా చూపవచ్చునని అందులో ఉన్నది. ఏ ఒక్క సాక్ష్యముతోను తీర్పు చేయక, ఒకటికంటె ఎక్కువ సాక్ష్యములను గ్రామసభ పరిశీలింపవలెనని కూడ ఉన్నది.

అనగా ఒక జాతిని గురించి ఓపికతో వ్రాసిన గ్రంథము గ్రంథాలయపు బీరువాలో నిద్రపోవలసిన వస్తువు కాదు. దశాబ్దముల తరువాత ఒక పెంటవారు "మేము ఇక్కడివారమే" అని చెప్పుకోవలసి వచ్చినప్పుడు వారి ప్రక్కన నిలువదగిన సాక్షులలో అది ఒకటి. అందుచేతనే ఆ గ్రంథములో ప్రతి వాక్యము సరియైనదై ఉండవలెను. కల్పన చేసిన కథకుని ఎవరును ప్రశ్నింపరు. మోనోగ్రాఫ్ వ్రాసినవాడు తొందరపాటుతో ఒక పెంటను విడిచివేస్తే, ఆ పెంట ఉండనే లేదని రేపు ఎవరైనను వాదింపవచ్చును.

ఇంత బరువు మోసే గ్రంథమును చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనుట మంచిది. మొదటిది, ఇది ఎప్పటి మాట? 1940లో చూచినది 1940కే చెల్లుతుంది. హైమన్‌డార్ఫ్ తానే దశాబ్దముల తరువాత ఆ జాతుల వద్దకు తిరిగి వెళ్లి, 1982లో 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' అనే గ్రంథమును ప్రకటించి, నడుమ వచ్చిన మార్పులను చెప్పినాడు. చెంచులు వేటాడి, గడ్డలు త్రవ్వుకొని జీవించేవారని మొదటి పుస్తకములో ఉన్నదిగదా అని, నేడు భూమి దున్నే చెంచును, బడికి పోయే చెంచుపిల్లను చెంచులు కారనుట గ్రంథమును దుర్వినియోగము చేయుటయే. రెండవది, ఇది ఎవరి చూపు? వ్రాసినవాడు బయటివాడు. ఆయన గుర్తించినవి ఉంటవి, ఆయనకు చెప్పనివి ఉంటవి. మూడవది, విషయమునకు గీచిన హద్దు వెలుపల ఏమి మిగిలినది? ఒక జాతిని గురించి వ్రాసినప్పుడు వారితో క్రయవిక్రయములు జరిపే వర్తకుడు, అడవిలో పశువులను మేపే గొల్ల, లంబాడీ తండావాసి పుస్తకపు అంచులలోనే నిలిచిపోతారు. ఒకే విషయమును పట్టుకొనుటలోని బలము ఏదో, బలహీనత కూడ అదే.

జాతులను గురించియే కాక, గ్రామములను గురించి కూడ ఇట్టి కృషి జరిగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయములో పనిచేసిన ఎస్.సి. దూబేగారు హైదరాబాదు సమీపములోని శామీర్‌పేటను అధ్యయనము చేసి 1955లో 'ఇండియన్ విలేజ్' అనే గ్రంథమును ప్రకటించినారు. వ్యవసాయము, వైద్యము, పశువైద్యము తెలిసినవారు కూడ ఆ పనిలో పాల్గొన్నారు. ఊరు ఒక్కటే, దానిని చూచిన శాస్త్రములు అనేకము. 1961 జనాభా లెక్కల సందర్భముగా దేశమంతటా కొన్ని గ్రామములను ఎన్నుకొని, ఒక్కొక్కదానిపై 'విలేజ్ సర్వే మోనోగ్రాఫ్' తయారుచేసినారు. ఆంధ్రప్రదేశములో కూడ జిల్లాలవారీగా ఈ పుస్తకములు వెలువడినవి. ఇండ్ల కట్టడము, వంటసామానులు, అప్పులు, పెండ్లిఖర్చులు, జాతరలు, పంటలు అన్నీ వానిలో నమోదైనవి. ఆనాడు సాధారణముగా కనబడిన ఆ వివరములే నేడు అమూల్యములు.

ఇక మిగిలినది తెలుగులో ఈ మాటకు ఏమనవలెననే ప్రశ్న. 'లఘుగ్రంథము' అంటే పరిమాణమును చెప్పినట్లగును గాని స్వభావమును చెప్పినట్లు కాదు. 'జీవితచరిత్ర' అసలే పొసగదు. 'పరిశోధన గ్రంథము' అంటే పట్టముకొరకు వ్రాసిన సిద్ధాంతవ్యాసము స్ఫురిస్తుంది. సంస్కృత శాస్త్రసంప్రదాయములో 'ప్రకరణ గ్రంథము' అనే మాట ఉన్నది. శాస్త్రమంతటిని కాక, అందులో ఒక భాగమును మాత్రమే తీసుకొని వివరించే గ్రంథమునకు ఆ పేరు. సదానందుని 'వేదాంతసారము' అట్టిది. భావము దగ్గరిదే; అయినను నేటి పాఠకునకు ప్రకరణమనగా పుస్తకములోని ఒక అధ్యాయముగా తోచును. అందుచేత 'ఏకవిషయ గ్రంథము' అనుట మేలని మాకు తోచుచున్నది. మాట వినగానే అర్థము తెలుస్తుంది. పరిమాణమును గురించి గాని, గ్రంథకర్తల సంఖ్యను గురించి గాని అది అపోహ కలిగింపదు. అలవాటైన చోట 'మోనోగ్రాఫ్' అన్నను తప్పులేదు. రేడియో, స్టేషను, ఫ్లోరైడు తెలుగులో కలిసిపోయినట్లే అదియు కలిసిపోయినది.

పేరు కంటె ముఖ్యమైనది మరియొకటి. చెంచులు మాటలాడేది తెలుగు. వారిని గురించిన ఆ ప్రసిద్ధ గ్రంథము ఇంగ్లీషులో వ్రాయబడినది. తన తాతలను గురించి అందులో ఏమి వ్రాసినారో ఒక చెంచు విద్యార్థి మూలములో చదువుకోవలెనంటే పరభాషను ఆశ్రయింపవలసియున్నది. సాక్షి చెప్పిన మాట వాదికే అర్థముకాని స్థితి ఇది. ఏకవిషయ గ్రంథములు తెలుగులో రావలెననుటకు ఇంతకంటె బలమైన కారణము అక్కరలేదు.

వానిని వ్రాయుటకు విశ్వవిద్యాలయముననే ఉండనక్కరలేదు. ఒక్క చెరువు చాలును. దాని కట్ట ఎవరు పోయించినారు, తూములు ఎన్ని, ఆయకట్టు ఎంత, ఏయే సంవత్సరములలో నిండినది, నీరుకట్టు పని ఏ కుటుంబమువారు చేసేవారు, ఇప్పుడు చెరువుశిఖములో ఏమున్నది. పోచంపల్లిలో ఒక్క మగ్గము చాలును. నూలునకు రంగు ఎట్లు అద్దుతారు, చిటికి కట్టుట ఎవరి పని, ఒక చీరకు ఎన్ని దినములు, అందులో నేతగానికి మిగిలేదెంత. ఒక ఉపాధ్యాయుడు, ఒక పట్వారీ వంశములోని వృద్ధుడు, ఒక కళాశాల విద్యార్థిని సెలవులలో కూర్చుండి, అడిగి, కొలిచి, తేదీ వేసి, చెప్పినవారు ఏ మాట వాడినారో ఆ మాటనే వ్రాసియుంచితే అది ఏకవిషయ గ్రంథమునకు నాంది. తెలిసినదానిని మాత్రమే వ్రాయవలెను. చూచినదానిని, విన్నదానిని వేరువేరుగా ఉంచవలెను. గీచుకొన్న హద్దు దాటరాదు.

అటువంటి వ్రాత ఏనాటికి ఎవరికి అక్కరకు వస్తుందో వ్రాసేనాడు తెలియదు. అమ్రాబాదు అడవిలో 1940లో కూర్చుని పెంటల పేర్లు వ్రాసుకొన్నవానికి 2006 నాటి చట్టము తెలిసియుండుటకు వీలులేదు. ఎదుట ఉన్న ఒక్క విషయమును పూర్తిగా తెలిసికొనవలెననే పట్టుదల మాత్రమే ఆయనకు ఉండినది.